భౌతికశాస్త్ర పట్టమునకు కావ్యపాఠ మెందులకు?

ఇంటర్మీడియేటులో గణితము, భౌతికము, రసాయనములందు మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్ల భౌతికశాస్త్రము చదువుటకై అమెరికాకు బోవును. మొదటి నెల తిరుగకమునుపే తల్లికి కబురు పంపును: ఈ విడత తాను నాటకసాహిత్య మొకటి, అర్థశాస్త్ర మొకటి చదువుచున్నదట; ఇవిగాక ఈతపరీక్షలో గూడ నెగ్గవలసియున్నదట. తల్లి నివ్వెఱపోవును. తండ్రి కాగితము తీసి లెక్కలు వేయును. "ఫిజిక్సు చదువుటకు గదా పంపితిమి, ఈ నాటకములేమిటి? వీనికిని మనమే రుసుము కట్టవలయునా?" యని యింటిల్లిపాదియు ననుకొందురు.

సోదరీమణులారా, ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట న్యాయము గాదు. ఇల్లు తాకట్టుపెట్టి పిల్లను చదివించు కుటుంబమునకు ప్రతి పాఠము విలువను అడిగి తెలిసికొను హక్కు కలదు. కాని ఈ నిబంధన యేమి, యెవరు పెట్టిరి, యేల పెట్టిరి యను సంగతులు తెలియకుండ దానిని వృథావ్యయమని తీర్పు చెప్పుటయు న్యాయము గాదు. కావున ఒక విద్యాలయమును తీసికొని, అచటి పద్ధతిని కొంత వివరముగ చూతము.

పట్టము ఏ శాస్త్రమునందైనను సరే, విద్యార్థులందఱును తప్పక చదువవలసిన యితర విషయములకు అమెరికాలో 'సామాన్య విద్య' యని వ్యవహారము. బోస్టను నగరమునకు ప్రక్కన, చార్లెసు నది యొడ్డున నున్న మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమును మనవారు ఎం.ఐ.టి. యని పిలుచుచుందురు. అది 1861లో స్థాపింపబడినది. యంత్రములకును, శాస్త్రములకును ప్రసిద్ధి గాంచిన చోటు గనుక అచ్చట కావ్యములకు తావుండదని మన మనుకొందుము. ఆశ్చర్యమేమనగా, అచటి నిర్బంధము అనేక కళాశాలల నిర్బంధముకంటె బరువైనది.

ఇటీవలి సంవత్సరముల నిబంధనలను బట్టి అచట ప్రతి విద్యార్థియు, తన పట్టము ఏదైనను, పదునేడు పాఠ్యవిషయములను పూర్తిచేయవలెను. గణితమున రెండు, భౌతికశాస్త్రమున రెండు, రసాయనమున నొకటి, జీవశాస్త్రమున నొకటి. అనగా సాహిత్యమో సంగీతమో ప్రధానముగ తీసికొన్నవాడును కలనగణితము తప్పించుకొనలేడు. ఇది గమనింపవలసిన విషయము. నిర్బంధ మొకవైపుననే లేదు. మఱి రెండు శాస్త్రవిషయములును, ప్రయోగశాల విషయ మొకటియు నున్నవి గాని, అవి భౌతికశాస్త్ర విద్యార్థినికి తన సొంత పాఠములతోనే తీరిపోవును. మిగిలినవి ఎనిమిది. ఈ యెనిమిదియు మానవీయశాస్త్రములు, కళలు, సాంఘికశాస్త్రములు అను మూడు వర్గములనుండి రావలెను. ఒక్కొక్క వర్గమునుండి కనీస మొక్కటి యుండితీరవలెను; మఱియు నేదో యొక రంగమున మూడు నాలుగు పాఠములు వరుసగా చదివి కొంత లోతు చూడవలెను. అన్నిటిని పైపైన రుచిచూచి విడిచిపెట్టుట వీలుపడదు.

నాలుగేండ్లకు ఎనిమిది విడతలు. విడతకు నాలుగు విషయముల చొప్పున సుమారు ముప్పదిరెండు. అందులో ఎనిమిదనగా నాలుగవ పాలు. తండ్రిగారి లెక్క తప్పుగాదు: కట్టిన రుసుములో పావలావంతు భౌతికశాస్త్రము గానిదానికే పోవుచున్నది. 2024–25లో ఆ విద్యాలయపు బోధనారుసుము ఒక్కటియే ఏటికి 60 వేల డాలర్లకు పైబడినది. ఆదాయము తక్కువగల కుటుంబములకు ఆ సంస్థవారు ధారాళముగ సహాయము చేయుదురు, విదేశ విద్యార్థులకు గూడ చేయుదురు. ఐనను పావలావంతు పావలావంతే.

ఇక వ్రాతయు, మాటయు. 2001లో చేరినవారి మొదలుకొని అచట మఱియొక నిబంధన వచ్చినది. నాలుగేండ్లలో నాలుగు విషయములందు వ్యాసములు వ్రాసి, దిద్దించుకొని, తిరిగి వ్రాసి, నలుగురి యెదుట నిలువబడి మాటలాడి చూపవలెను. వీనిలో రెండు మానవీయశాస్త్రములవైపునను, రెండు తన ప్రధానశాస్త్రమునను ఉండవలెను. భౌతికశాస్త్ర విద్యార్థులకు మూడవయేట ప్రయోగశాల యొకటి గలదు. అందు ఇద్దఱిద్దఱు జతగా కూడి, ఇరువదవ శతాబ్దిని మార్చివైచిన ప్రయోగములను తమ చేతులతో తిరిగి చేయుదురు. చేసి యూరకుండుట చాలదు. ప్రతి ప్రయోగమునకును శాస్త్రపత్రికలో వచ్చు వ్యాసమువంటిది వ్రాయవలెను, ఆచార్యుని యెదుట కొలది నిమిషములలో దాని సారమును నోటితో చెప్పవలెను, అడిగినదానికి బదులీయవలెను. ఈ విషయము నొక్కదానిని నేను ప్రత్యేకముగా మన యిండ్లకు సంబంధించినదిగా భావించుచున్నాను. కారణము తరువాత చెప్పెదను.

ఈ పద్ధతి ఎట్లు పుట్టినది? 1940 మొదలు 1945 వఱకు ఎం.ఐ.టి. ఆవరణలో రాడారుయంత్రముల పరిశోధన మహోద్యమముగ సాగెను. వేఱుచోట్ల అణుబాంబు తయారయ్యెను. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరము లేమయ్యెనో లోకమెల్ల నెఱుగును. ఆ యేడే హార్వర్డు విశ్వవిద్యాలయమువారు సామాన్య విద్యనుగూర్చి పెద్ద నివేదిక యొకటి ప్రకటించిరి. అప్పుడు హార్వర్డు అధ్యక్షుడైన కోనంటు స్వయముగా రసాయనశాస్త్రజ్ఞుడు, యుద్ధపరిశోధనలను నడిపినవారిలో నొకడు. ఎం.ఐ.టి. లోను 1947లో వారెన్ లూయిసు అను రసాయన యంత్రశాస్త్రాచార్యుని అధ్యక్షతను ఒక సంఘము ఏర్పడి, రెండేండ్లు విచారించి, 1949లో నివేదిక సమర్పించెను. దాని సలహాననుసరించి 1950లో మానవీయ సాంఘిక శాస్త్రములకు ప్రత్యేక విభాగ మేర్పడెను. అదివఱకు అవి యచట యంత్రశాస్త్రముల నీడలో బ్రతుకుచుండెను.

ఈ మార్పును కోరినవారు కవులు గారు, రసాయనజ్ఞులును యంత్రశాస్త్రజ్ఞులును. తమ శాస్త్రము చేతికిచ్చిన శక్తి యెంతటిదో కన్నులార చూచినపిమ్మట, ఆ శక్తిని దేనికి వాడవలెను, దేనికి వాడరాదు అను ప్రశ్నకు సమీకరణములలో సమాధానము దొరకదని వారికే తోచినది.

నిర్బంధము పెట్టినంతమాత్రమున విద్యార్థులు వినయముగ తలవంచుదురని యనుకొనరాదు. రిచర్డు ఫైన్‌మను 1935 మొదలు 1939 వఱకు అచటనే చదివెను. అప్పటికే కొన్ని మానవీయ విషయములు తప్పనిసరిగా నుండెను. ఆంగ్లముగాక మఱి రెంటిని ఎన్నుకొనవలసియుండగా, ఆయన జాబితా యంతయు వెదకి, అందులో ఖగోళశాస్త్రము గూడ నెట్లో చేరియుండుట చూచి, దానిని తీసికొని ఒక యేడు తప్పించుకొనెను! మఱుసటి యేట మఱల వెదకి, ఫ్రెంచి సాహిత్యము మొదలగువానిని దాటి, శాస్త్రమునకు దగ్గఱగా కనబడిన తత్త్వశాస్త్రమును పట్టెను. ఆచార్యుని మాటలు గొణుగుడువలె నుండి యొక్కటియు నర్థము గాలేదట. కడపట వ్యాసము వ్రాయవలసివచ్చినప్పుడు, నిద్ర పట్టుచుండగా మనస్సున నేమి జరుగునో తన్ను తానే పరీక్షించి చూచెదనని పూని, నాలుగు వారములు ప్రతిదినము నిద్రించుటకు ముందు తన తలపులను కనిపెట్టి వ్రాసెను. ఈ సంగతులన్నియు ఆయనయే తరువాత నవ్వుచు చెప్పియున్నాడు. 1965లో నోబెలు బహుమానము వచ్చినది ఆ వ్యాసమునకు గాదనుట స్పష్టమే. కాని తప్పించుకొనబోయిన కుఱ్ఱవానిచేత గూడ ఆ నిర్బంధము ఒక మంచి పరిశోధన చేయించినదా లేదా?

ఇందులకు వ్యతిరేకమైన వాదమును గూడ దాచరాదు. ఇంగ్లండులో ఇట్టి నిర్బంధము లేదు. కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రములకు చేరినవారు శాస్త్రములనే చదువుదురు. నాటకముగాని, ఈతగాని వారిని బాధింపదు. అటనుండి గొప్ప భౌతికశాస్త్రజ్ఞు లెందఱు వచ్చిరో లెక్కింపవచ్చునా? సిసీలియా పెయిన్ అను నామె 1919లో అచటి న్యూన్‌హాం స్త్రీల కళాశాలలో వృక్షశాస్త్రమునందు మక్కువతో చేరి, సూర్యగ్రహణ పరీక్షలనుగూర్చి ఎడింగ్టను పండితుడిచ్చిన యుపన్యాసమును విని, భౌతికశాస్త్రమునకు మరలెను. చదువు ముగించినను కేంబ్రిడ్జివారు ఆమెకు పట్ట మీయలేదు. 1948 వఱకు ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టము లిచ్చియుండలేదు. ఆమె 1923లో హార్వర్డునకు పోయి, మన మేఘనాథ సాహా 1920లో కనిపెట్టిన సూత్రము నాధారము చేసికొని, నక్షత్రములలో నధికభాగము ఉదజనియే యని 1925లో తేల్చినది. కావున సామాన్య విద్య లేనిదే భౌతికశాస్త్రజ్ఞుడు తయారుకాడు అనువారి మాటను నమ్మకుడు. తయారగును. నిర్బంధము పెట్టినవారు కోరినది వేఱు.

అదియుగాక, ఎన్నిక చిన్నవయస్సుననే ముడివడిపోవు పద్ధతిలో నొక నష్టము గలదు. అది ముఖ్యముగా ఆడుపిల్లలకు తగులును. మిల్డ్రెడ్ డ్రెస్సెల్‌హౌసు అను నామె చరిత్ర చూడుడు. న్యూయార్కులో బీదకుటుంబమున పెరిగిన పిల్ల. వయొలిన్ వాయించుట యామెకు మొదటి విద్య. బడిపంతులమ్మ కావలెనను నుద్దేశముతో హంటరు కళాశాలలో చేరినది. అచట తీసికొన్న భౌతికశాస్త్ర పాఠమును రోజలిన్ యాలో చెప్పుచుండెను; ఆమెకు 1977లో వైద్యమున నోబెలు బహుమానము వచ్చినది. యాలో ఆ పిల్లలోని తెలివిని గుర్తించి, నీవు శాస్త్రమునకు రావలసినదానవని పట్టుపట్టెను. ఆ పిల్లయే పెద్దదై ఎం.ఐ.టి.లో బొగ్గుజాతి పదార్థముల భౌతికమునందు లోకప్రసిద్ధురాలై, 1985లో ఆ సంస్థ తన ఆచార్యుల కిచ్చు అత్యున్నత బిరుదమును పొందిన మొదటి స్త్రీయైనది. 2017లో గతించువఱకు వయొలినును విడువలేదు. పంతులమ్మచదువునకు చేరిన పిల్ల కంటికి భౌతికశాస్త్రము కనబడునట్లు ఆ కళాశాల తలుపు తెఱచియుంచినది. మనదేశమున పదునైదేండ్ల వయస్సున ఒక గుంపు నెన్నుకొన్న బాలికకు మఱియొక తలుపు కనబడుట యెంత యరుదు!

ఎం.ఐ.టి.లో ప్రవేశించిన మొదటి స్త్రీ ఎల్లెన్ స్వాలో. ఆమెను గూర్చి చెప్పకుండ ఈ పత్రికలో ఆ విద్యాలయపు పేరెత్తుట ధర్మము గాదు. వాసరు స్త్రీకళాశాలలో మరియా మిచెల్ అను ఖగోళపండితురాలియొద్ద గూడ చదివి, 1870లో పట్టము పొంది, ఆ యేడే ఎం.ఐ.టి.లో ప్రత్యేక విద్యార్థినిగా చేరినది. ఆమెవద్ద రుసుము పుచ్చుకొనలేదు. దయచేత గాదు! ఎవరైన ఆక్షేపించినచో, ఈమె మా విద్యార్థిని కాదని చెప్పుకొనుటకు వీలుగా నుండవలెనని. ఈ కిటుకు తరువాత తెలిసి, మొదటనే తెలిసినచో నేను చేరియుండెడిదానను గానని ఆమె యన్నదట. 1873లో రసాయనశాస్త్రమున పట్టము పొందెను. పిదప త్రాగునీటి పరీక్షలయందును, వంటయింటి గాలి, పొయ్యి, ఆహారపు విలువ మున్నగువానియందును శాస్త్రమును ప్రవేశపెట్టి, గృహవిజ్ఞానము అను విద్యకే మూలపురుషు లనదగినవారిలో నొకతె యైనది. 1893 చికాగో ప్రదర్శనమున ఆమె నడపిన వంటశాలలో, వడ్డించు ఆహారమునం దేయే పోషకము లెంతెంత యున్నవో వ్రాసి చూపిరి. ప్రయోగశాలకును వంటయింటికిని నడుమ గోడ యొకటి యున్నదని ఆమె యెన్నడును ఒప్పుకొనలేదు.

ఇప్పుడు సాంఘికశాస్త్రములవైపునుండి మన యూరికి సంబంధించిన ఉదాహరణ నొకటి చెప్పెదను. భౌతికశాస్త్రపు పిల్లలు, 'మా శాస్త్రమున ప్రయోగము గలదు, అర్థశాస్త్రమున కబుర్లు మాత్రమే' యని చులకనగా మాటలాడుట కద్దు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో అను దంపతులు ఎం.ఐ.టి. ఆచార్యులుగా నుండగానే 2019లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానమును మఱియొకరితో పంచుకొనిరి. వీరును, వీరి సహచరులును హైదరాబాదు నగరమున బీదలు నివసించు 104 పేటలను తీసికొని, చీటివేసినట్లుగా వానిలో 52 పేటలను ఎంచి, అచ్చట స్త్రీలకు చిన్న యప్పులిచ్చు శాఖలను ముందుగా తెఱపించిరి. మిగిలిన 52 పేటలలో అప్పటికి తెఱువలేదు. కొంతకాల మైన తరువాత రెండు వర్గముల యిండ్లను పోల్చి చూచిరి. చిన్నయప్పులు స్త్రీల బ్రదుకును తలక్రిందులుగ మార్చివేయునని అప్పుడు లోకమంతట చాటించుచుండిరి. 2015లో ప్రకటితమైన ఫలితము వేఱుగా నున్నది. కొందఱు వ్యాపారము కొంత పెంచుకొనిరి. ఇంటికి మన్నిక వస్తువులు కొనుక్కొన్నవారు గలరు. కాని మొత్తముమీద కుటుంబముల ఖర్చు పెరుగలేదు, పిల్లల చదువు పెరుగలేదు, ఇంట స్త్రీమాట చెల్లుబడి యగుటయు నధికము కాలేదు.

పాతబస్తీ సందులలో వడ్డీలెక్కలు చూచుకొను అక్కచెల్లెండ్ర బ్రదుకును ఇట్లు కొలువవచ్చునని భౌతికశాస్త్ర విద్యార్థిని తెలిసికొన్నచో ఆమెకు నష్టమేమి? తన ప్రయోగశాలలో ఎలక్ట్రానులన్నియు నొక్కతీరుననే యుండును. ఒకదానిని చూచిన అన్నిటిని చూచినట్లే. మనుష్యు లట్లుండరు గనుక ఏబదిరెండు పేటలకు ఏబదిరెండు పేటలు జతచేసి చూడవలసివచ్చినది. కొలత యెంత కష్టమో అచట తెలిసినంతగా లోలకమువద్ద తెలియదు.

వ్రాతను గూర్చి తరువాత చెప్పెదనంటిని. మన తెలుగుజిల్లాలలో ఇంటర్మీడియేటు చదువు ఎట్లు జరుగుచున్నదో మీ రెఱుగుదురు. తెల్లవాఱుజాము మొదలు రాత్రివఱకు లెక్కలు. చరిత్ర పదవతరగతితో సమాప్తి. రెండవ భాషగా సంస్కృతమును తీసికొందురు; కాళిదాసునిమీది ప్రేమచేత గాదు, మార్కులు సులభముగా వచ్చుననుటచేత. సంస్కృతమున నొక వాక్యమైన సొంతముగా కూర్చలేని పిల్లకు అందులో నూటికి తొంబదియెనిమిది! తెలుగున ఒక పుట వ్యాసము వ్రాయుమన్న కలము కదలదు. ఆంగ్లమున వ్రాయుమన్న, గైడుపుస్తకమునందలి వాక్యములే వచ్చును. ఈ పిల్ల యమెరికాకు పోయి మొదటి విడతలో ఒక నాటకమును చదివి, ఈ పాత్ర యట్లేల చేసినది, నీ యభిప్రాయ మేమి, ఐదు పుటలు వ్రాయుమనగా, క్వాంటము యాంత్రికముకంటె నదియే భయంకరముగా నుండును.

వేఱొక అమెరికా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదువుచు సెలవులకు వచ్చిన ఒక అమ్మాయిని మా వీధిలోని పెద్దావిడ అడుగుచుండగా వింటిని.

"ఏమే తల్లీ, అన్నిటికంటె కష్టమైన పాఠమేదే అక్కడ?"

"వ్యాసరచన, బామ్మగారూ. మొదటిసారి నా కాగితమంతా ఎఱ్ఱసిరాతో నిండిపోయి వచ్చింది. 'ఇందులో నీ మాట ఏది?' అని ప్రక్కన వ్రాశారు."

"నీ మాట లేకపోవడమేమిటే, ఇంట్లో నోరు మూయవుగా!"

అందఱును నవ్విరి. కాని ఆ యెఱ్ఱసిరా ప్రశ్న నన్ను విడువలేదు. మన మాడుపిల్లలను ఎంత చదివించినను, నలుగురిలో నీ యభిప్రాయ మేమని యడుగుట తక్కువ. తరగతిలో నిశ్శబ్దముగ కూర్చున్న పిల్లను బుద్ధిమంతురా లందుము. ప్రయోగము చక్కగ చేసి, దానిని చెప్పవలసివచ్చినప్పుడు జతగానికి వదలివేసి ప్రక్కకు తొలగుటను అణకువ యందుము. అట్టి అణకువకు ప్రయోగశాలలలో ఖరీదు గట్టవలసియుండును. చేసినదెవరో, చెప్పినవారి పేరే నిలుచును. అందుచేత నాలుగు పర్యాయములు తప్పనిసరిగా నిలువబడి మాటలాడవలెనను నిబంధనను నేను ఆడుపిల్లల పాలిటి ఉపకారముగనే భావించుచున్నాను. నిర్బంధము గనుక ముందుకు పోయినదానను ఎవరును గడుసుదానవని ఆడిపోసికొనలేరు!

మనదేశమున ఈ యాలోచన క్రొత్తదని యనుకొనకుడు. చంద్రశేఖర వేంకటరామను 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలనుండి పొందినది బి.ఏ. పట్టము, భౌతికశాస్త్రముతోపాటు ఆంగ్లమునందును ఆయన బంగారు పతకము గొనెను. 1948లో భారతప్రభుత్వము విశ్వవిద్యాలయముల స్థితిని విచారించుటకు సర్వేపల్లి రాధాకృష్ణపండితుని అధ్యక్షతను సంఘము నియమించినది. ఆయన 1931 మొదలు 1936 వఱకు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడు. ఆ సంఘమున మేఘనాథ సాహా యొక సభ్యుడు. సిసీలియా పెయిన్ వాడుకొన్న సూత్రమును కనిపెట్టిన యా భౌతికశాస్త్రజ్ఞుడే. అమెరికానుండి వచ్చిన సభ్యులును గలరు. మన ఇంటర్మీడియేటులోను, పట్టపు తరగతులలోను పిల్లలను మితిమీఱి ఒకే శాస్త్రమునకు కట్టివేయుచున్నారు గనుక, ఆలస్యము చేయక సామాన్య విద్యను ప్రవేశపెట్టవలెనని 1949లో ఆ సంఘము స్పష్టముగ చెప్పినది. లూయిసు సంఘపు నివేదిక వెలువడినదియు ఆ యేడే. అచట దానిని అమలుపఱచిరి. ఇచట కొన్నిచోట్ల కొంతకాలము ప్రయత్నించి విడిచిపెట్టిరి. బి.ఎస్.సి.కి ఆంగ్లము, రెండవభాష మాత్రము మిగిలినవి. వానిని గూడ పరీక్షకు ముందు వారము దినములు చూచుకొనిన చాలునను నభిప్రాయము స్థిరపడిపోయినది.

2020 జాతీయవిద్యావిధానము తరువాత, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు పట్టపు చదువుల కొక క్రొత్త చట్రమును ప్రకటించిరి. మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లు. వానిలో కనీసము 9 తన శాస్త్రమునకు వెలుపలి విషయములలోను, 8 భాషలలోను, 6 మొదలు 8 వఱకు పర్యావరణము, రాజ్యాంగము మున్నగు విలువలకు సంబంధించిన విషయములలోను, 9 చేతిపనికి వచ్చు నైపుణ్యములలోను ఉండవలెను. ఆ వెలుపలి విషయములుగా పండ్రెండవ తరగతిలో చదివినవానినే మఱల తీసికొనరాదని గూడ నియమము గలదు. ఈ చట్రమును అమలు జరుపు తీరు రాష్ట్రమునకును, విశ్వవిద్యాలయమునకును మాఱుచుండును. కాబట్టి మీ పిల్లను చేర్చు కళాశాలలో ఈ తొమ్మిది క్రెడిట్లకు నిజముగ ఏ పాఠములు చెప్పుచున్నారు, చెప్పువా రెవరు, లేక కాగితముమీద మాత్రమున్నవా యని రుసుము కట్టకముందే అడుగుడు. ప్రయోగశాల ఎట్లున్నదని యడిగినట్లే యిదియు నడుగుడు. సంగీతమని వ్రాసి, ఉపాధ్యాయుడు లేక, మార్కులు పంచిపెట్టు కళాశాలలో నీ నిబంధన వట్టి వేషమే. అట్టిచోట తండ్రిగారి ఫిర్యాదు ముమ్మాటికి నిజము.

ఇక ఎన్నిక. పిల్ల జాబితా పంపినప్పుడు, వీనిలో ఏది సులభము అని మొదట అడుగకుడు. సీనియరు విద్యార్థులు ఆ సలహా నెట్లును ఇత్తురు. మూడు నాలుగు పాఠములు వరుసగా చదువవలసిన రంగము నొకదానిని తనకు నిజముగ నిష్టమైనదానిగా ఎన్నుకొనుమనుడు. చిన్ననాట వీణ నేర్చి పదవతరగతిలో విడిచినదైనచో సంగీతము. ఇంట రాజకీయములను గూర్చి తండ్రితో వాదించునదైనచో చరిత్రయో అర్థశాస్త్రమో. ఎం.ఐ.టి.లో మొదటి విడతకు ఒక మంచి సదుపాయము గలదు. ఆ విడతలో నెగ్గిన పాఠములకు నెగ్గినట్లు మాత్రమే వ్రాయుదురు, మార్కులుండవు. తప్పినవి విద్యార్థి చరిత్రపత్రమునకే ఎక్కవు. పిల్లకు భయమైన పాఠమును, అది వ్యాసరచనయైనను సరే, ఆ విడతలోనే తీసికొనుట మేలు. ఆ విడతలో అన్నియు తెలిసిన లెక్కలే తీసికొని, నాటకమును నాలుగవయేటికి త్రోసివేసినవారు, ఉద్యోగములకును పై చదువులకును దరఖాస్తులు వ్రాయు నెలలలోనే దానితో పెనుగులాడవలసివచ్చును.

ఈతను మఱచితిని. అచట నూఱు గజములు, అనగా కొలనులో నాలుగు పర్యాయములు ఆ కొననుండి ఈ కొనకు, ఆగకుండ ఈదవలెను. వేగముతో పనిలేదు, ఏ తీరున నీదినను సరే. రానివారికి నేర్పుదురు, ఆ నేర్పును వ్యాయామపాఠములలోనే లెక్కవేయుదురు. కాని మనపిల్లలలో చాలమంది మొలలోతు నీటిలో నిలువబడియెఱుగరు. ప్రయాణమునకు ముందు వేసవిలో రెండునెలల వ్యవధి యుండును. పచ్చళ్లు, పొడులు, కొత్తబట్టలు సిద్ధపఱచు హడావిడిలో, ఉదయము గంటసేపు దగ్గఱలోని ఈతకొలనునకు పిల్లను పంపుడు. స్త్రీలకు వేఱుగా సమయ మేర్పఱచిన కొలనులు పట్టణములలో గలవు. తల్లియు వెంటబోయి నీటిలో దిగినచో నింకను మంచిది. ఆమెను వ్యాయామపాఠమునకు రుసుము కట్టుమని ఎవరును అడుగరు.